తోక మీద నడిచిన డాల్ఫిన్లు: ఒక వింత ప్రవర్తనను ఎలా చదవాలి?

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరం పక్కన పోర్ట్ రివర్ ఉంది. పేరుకు నదే గానీ నిజానికి అది ఉప్పుటేరు. పోటుకు నిండుతుంది, పాటుకు తగ్గుతుంది. ఒకవైపు ఓడరేవు, ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంట్లు, మరోవైపు మడ అడవులు. ఇంత రద్దీ నీళ్లలో బాటిల్‌నోస్ డాల్ఫిన్లు కాపురముంటాయి, పిల్లల్ని కంటాయి. 1995లో వాటిలో బిల్లీ అనే ఆడ డాల్ఫిన్ చిత్రమైన పని చేస్తూ కనిపించింది. ఒళ్లంతా దాదాపు నీటిపైకి నిటారుగా లేపి, తోకను గబగబా కొట్టుకుంటూ, కొన్ని క్షణాల పాటు నీటి మీద నిలబడి వెనక్కి జరిగేది. దీన్ని టెయిల్ వాకింగ్ అంటారు, మనం తోక నడక అనుకుందాం. డాల్ఫినేరియం షోలలో టికెట్ కొన్నవాళ్లకు చూపించే విన్యాసం ఇది. అడవి డాల్ఫిన్లలో మాత్రం చాలా అరుదు.

ఆ తర్వాతి ఏళ్లలో అదే ఉప్పుటేరులో మరికొన్ని డాల్ఫిన్లు ఈ పనికి దిగాయి. 2011 నాటికి అది బాగా ఊపందుకుంది. 2014కి వచ్చేసరికి రెండే మిగిలాయి, అవీ ఎప్పుడో ఒకసారి చేసేవి. ఏమిటిది? ఆటా? ఒకదానికొకటి చేసుకునే సైగా? జబ్బా? లేక మనుషుల్లో లాగా ఒక ఫ్యాషన్ వచ్చిపోయిందా?

ఇలాంటి వీడియో కంటబడగానే మనకు జవాబు తన్నుకొస్తుంది. "సంతోషంతో గంతులేస్తోంది." విశాఖ తీరంలో గిరగిరా తిరుగుతూ ఎగిరే స్పిన్నర్ డాల్ఫిన్ల రీల్స్ కింద కామెంట్లు చూడండి, తొంభై శాతం ఇదే మాట. అది తప్పని చెప్పలేం. అవునని నిరూపించనూలేం, అక్కడే చిక్కు. ఆ చిక్కు విప్పడానికి అడిలైడ్ ఉదంతమంత మంచి ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు.

ముందు మామూలు సంగతులు. డాల్ఫిన్ నీటిపైన చేసే పనులకు పరిశోధకుల దగ్గర ఒక పట్టిక ఉంటుంది. పైకి ఎగరడం, పక్కకు దభీమని పడటం, తోకతో నీటిని చరచడం, తల మాత్రమే నిటారుగా ఎత్తి చుట్టూ చూడటం, పడవ ముందు అల మీద జారుతూ రావడం, ఇలా. ప్రతి పనికీ ఒక పేరు, ఒక నిర్వచనం. ఏది ఆ పేరు కిందికి వస్తుందో, ఏది రాదో ముందే రాసుకుంటారు. ఈ పట్టికను ఎథోగ్రామ్ అంటారు. చదవడానికి ఇంతకంటే విసుగు పుట్టించేది ఉండదు. కానీ అది లేకపోతే ఇద్దరు మనుషులు ఒకే డాల్ఫిన్‌ను చూసి రెండు వేర్వేరు విషయాలు రాసుకొస్తారు.

పట్టికలో ఒక్కో పనికి ఒకే అర్థం ఉండదు. ఎగరడమే తీసుకోండి. వేగంగా వెళ్తున్నప్పుడు నీటిలో కంటే గాలిలో ఒరిపిడి తక్కువ, కాబట్టి ఎగురుతూ పోతే శక్తి కలిసొస్తుందని 1980లలోనే లెక్కలు కట్టారు. స్పిన్నర్ డాల్ఫిన్ ఒక్క ఎగురుడులో ఏడు చుట్ల దాకా తిరగగలదు. ఒంటికి అంటుకున్న రెమోరా చేపల్ని వదిలించుకోవడానికి అది పనికొస్తుందని 2006లో ఒక వివరణ వచ్చింది. న్యూజిలాండ్‌లోని డౌట్‌ఫుల్ సౌండ్‌లో డేవిడ్ లూసో గమనించింది ఇంకా ఆసక్తికరం. అక్కడి బాటిల్‌నోస్ గుంపులో కొన్ని మగవి పక్కకు దభీమని పడితే గుంపు ప్రయాణం మొదలుపెట్టేది. కొన్ని ఆడవి వెల్లకిలా తిరిగి తోకతో చరిస్తే ప్రయాణం ఆగేది. అంటే ఒడ్డున నిలబడి చూసేవాడికి గంతులాగా కనబడింది, లోపలి వాళ్లకు "పదండి" అనో "ఇక ఆగుదాం" అనో సైగ కావచ్చు.

కాబట్టి "ఎందుకు చేస్తోంది?" అన్నది ఒక ప్రశ్న కాదు. దీనివల్ల లాభమేంటి అన్నది ఒకటి. ఇది ఎక్కడ నేర్చుకుంది అన్నది మరొకటి. ఈ క్షణంలో దేన్ని చూసి చేసింది అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు దొరక్కపోయినా రెండోదానికి దొరకొచ్చు. బిల్లీ విషయంలో జరిగింది అదే.

బిల్లీ కథ కాస్త సినిమా కథలా ఉంటుంది. 1980ల చివర్లో, ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే, పోర్ట్ రివర్‌లో ఈత కొట్టించే పందెం గుర్రాల వెంట ఈదుతూ జనాల కంట్లో పడింది. తర్వాత ఒక చోట మూసుకుపోయిన నీళ్లలో ఇరుక్కుని ఆరోగ్యం చెడింది. పట్టుకుని, కోలుకునే దాకా కొన్ని వారాలు మెరైన్‌ల్యాండ్ అనే డాల్ఫినేరియంలో ఉంచారు. 1988లో తిరిగి పోర్ట్ రివర్‌లోకి వదిలేశారు. ఆ కొన్ని వారాల్లో బిల్లీకి ఎవరూ ఏమీ నేర్పలేదు. కానీ అదే చోట షోల కోసం శిక్షణ పొందిన డాల్ఫిన్లు ఉండేవి, తోక నడక వాటికి వచ్చు.

వదిలిన ఏడేళ్లకు, 1995లో, బిల్లీ తోక నడక రికార్డయింది. బియాంకా అనే మరో ఆడ డాల్ఫిన్ కూడా అదే చేస్తూ కనిపించింది. బియాంకా ఏనాడూ డాల్ఫినేరియం గడప తొక్కలేదు.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏడేళ్ల తర్వాత మొదలైన పనికి ఏడేళ్ల కిందటి కొన్ని వారాలు కారణమని ఎలా అంటాం? ఈ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన లంకె ఇదే. మెరైన్‌ల్యాండ్‌లోనే నేర్చుకుందన్నది ప్రయోగం చేసి తేల్చింది కాదు, ఉన్న ఆధారాలను పక్కపక్కన పెట్టి చేసిన ఊహ. కాకపోతే గట్టి ఊహ. డాల్ఫిన్ల జ్ఞాపకం సంగతి చూస్తే, విడిపోయిన పాత తోడు ఈలను ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాయని 2013లో జేసన్ బ్రక్ చూపించాడు. ఆ లెక్కన ఏడేళ్లు పెద్ద దూరం కాదు.

చూసి నేర్చుకోవడంలోనూ వాటికి పాత పేరుంది. 1973లో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ నుంచి వచ్చిన ఒక నివేదికలో ఈ సంగతి ఉంది. అక్కడి ట్యాంకులో డాలీ అనే ఆరు నెలల పిల్ల డాల్ఫిన్ ఉండేది. గాజు కిటికీ అవతల ఒక మనిషి సిగరెట్ పొగ వదిలాడు. డాలీ గబగబా తల్లి దగ్గరికి ఈదింది, నోటి నిండా పాలు పట్టుకొచ్చింది, అదే కిటికీ ముందు వాటిని నీళ్లలోకి వదిలింది. పొగలాగా మబ్బు కట్టింది. ఎవరూ చేపను లంచంగా ఇచ్చి నేర్పింది కాదు. ఇది చదివాక, బిల్లీ పక్క డాల్ఫిన్లను చూసి తోక నడక పట్టేసిందంటే నాకు పెద్దగా అభ్యంతరం లేదు.

బిల్లీ 2009లో చనిపోయింది. కానీ పని ఆగలేదు. వేవ్ అనే ఆడ డాల్ఫిన్ అందరికంటే ఎక్కువగా చేసేది. మొత్తం మీద తోక నడక పట్టుబడిన డాల్ఫిన్లు పది అటూఇటూ. 2011లో శిఖరం, ఆపై దిగుడు. వేల్ అండ్ డాల్ఫిన్ కన్జర్వేషన్ సంస్థకు చెందిన మైక్ బాస్లీ ఆ నీళ్లలో ఈ గుంపును దశాబ్దాల పాటు వెంబడించాడు. సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీకి చెందిన లూక్ రెండెల్ లాంటి వాళ్లతో కలిసి 2018లో 'బయాలజీ లెటర్స్' పత్రికలో దీన్ని ప్రకటించాడు. ఆ పరిశోధన వ్యాసం పేరులోనే ఫ్యాడ్, అంటే కొన్నాళ్లు ఊపేసి పోయే మోజు, అన్న మాట ఉంది. మన బళ్లలో బొంగరాల సీజన్ వచ్చినట్టే అనుకోండి. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు, నెల తిరిగేసరికి ప్రతి జేబులో బొంగరం, ఇంకో నెలకు ఎవరి చేతిలోనూ ఉండదు. తేడా ఏంటంటే ఇక్కడ ఎవరు మొదలుపెట్టారో తెలుసు.

తెలియడానికి కారణం అదృష్టం ఒక్కటే కాదు, విసుగులేని నోటుబుక్కు కూడా. వింత అనాలంటే ముందు మామూలు ఏంటో తెలియాలి. ఎవరూ చూడని ఏళ్లలో కూడా బాస్లీ చూశాడు, ఏమీ జరగని రోజులు కూడా రాసిపెట్టుకున్నాడు. ఆ ఖాళీ రోజులు లేకపోతే 1995 నాటి తోక నడక కొత్తదో, ఎప్పటి నుంచో ఉందో చెప్పే దారే లేదు.

డాల్ఫిన్లను విడివిడిగా గుర్తుపట్టేది వీపు మీది రెక్క అంచును బట్టి. కొట్లాటల్లో, వలలు తగిలి, షార్కులు కొరికి ఆ అంచున గాట్లు పడతాయి. ఏ రెండు డాల్ఫిన్లకూ గాట్లు ఒకేలా ఉండవు. 1970లలో అర్జెంటీనా తీరంలో వుర్సిగ్ దంపతులు ఈ గాట్లను ఫొటోలు తీసి, ఒక్కో డాల్ఫిన్‌ను ఏళ్ల తరబడి గుర్తుపట్టొచ్చని చూపించారు. ఫ్లోరిడాలోని సారసోటా తీరంలో 1970లో మొదలైన అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది, అక్కడ ఒకే కుటుంబంలో తరాలు తెలుసు. అయితే చిన్న పిల్లల రెక్కలు నున్నగా ఉంటాయి, గాటన్నదే ఉండదు. వాటిని ఏ తల్లి పక్కన ఈదుతున్నాయో చూసి గుర్తుపెట్టుకోవాలి. పైగా నిటారుగా లేచి నీళ్లు చిమ్ముతున్న డాల్ఫిన్ రెక్క మనకు కావలసిన కోణంలో ఉండాలని రూలేం లేదు. లేచే ముందో, పడిన తర్వాతో ఫొటో దొరికితేనే అది ఎవరో తేలేది.

ఎలా చూడాలన్నదీ తేలిక విషయం కాదు. 1974లో జీన్ ఆల్ట్‌మన్ జంతువుల్ని గమనించే పద్ధతుల మీద ఒక పేపర్ రాసింది. ఇప్పటికీ ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్లంతా దాన్ని చదవాల్సిందే. ఆమె చెప్పిందాంట్లో కీలకం ఇది: కంట్లో పడినవే రాసుకుంటూ పోతే, కంట్లో పడేవే ఎక్కువని తేలుతుంది. డాల్ఫిన్ల విషయంలో ఇది ఘోరంగా నిజం. వాటి బతుకంతా నీటి కింద. పైకి వచ్చేది ఊపిరికి. ఆ కాస్తలో కూడా మనిషి కన్ను ఎగిరేదాని వైపే పోతుంది, పక్కన మెల్లగా ఊపిరి తీసుకుని మునిగే నాలుగింటి వైపు పోదు. అందుకే ఒక డాల్ఫిన్‌ను ఎంచుకుని, ఎగిరినా పడుకున్నా, నిర్ణీత సమయం దాన్నే వెంబడించాలి. లేదా కొన్ని నిమిషాలకొకసారి గుంపు మొత్తం ఏం చేస్తోందో నమోదు చేయాలి. అరుదైన పనులకు ఈ రెండూ సరిపోవు. తోక నడక రోజుకు పదిసార్లు జరిగేది కాదు. కాబట్టి జరిగిన ప్రతిసారీ రాయాలి, దాంతోపాటు ఎన్ని గంటలు చూశామో కూడా రాయాలి.

ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. ఒక ఏడాది రెండొందల గంటలు చూసి పదిసార్లు నమోదు చేశారనుకుందాం. మరుసటి ఏడాది యాభై గంటలు చూసి ఐదుసార్లు. సగానికి పడిపోయిందని హెడ్డింగ్ పెట్టొచ్చు. గంటల లెక్కన చూస్తే రెట్టింపైంది. పోర్ట్ రివర్‌లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తోక నడక పేపర్లకెక్కాక స్థానిక ఫొటోగ్రాఫర్లు కెమెరాలు పట్టుకుని ఒడ్డున కాపు కాశారు. వాళ్ల ఫొటోలు ఎంతో ఉపయోగపడ్డాయి, కాదనను. కానీ కెమెరాలు పెరిగితే వింతలూ పెరిగినట్టు కనిపిస్తుంది.

పడవ సంగతి కూడా చెప్పుకోవాలి. మనం చూడ్డానికి వెళ్లే పడవే వాటికి ఆటవస్తువు. ఇంజన్ చప్పుడు విని ముందు అల మీద జారడానికి వచ్చేస్తాయి. అప్పుడు నోటుబుక్కులో పడేది మన రాక వల్ల పుట్టిన ప్రవర్తన. డ్రోన్లు వచ్చాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది, తేట నీళ్లలో ఉపరితలం కింద ఏం జరుగుతుందో కూడా పైనుంచి కనబడుతుంది. బురద నీళ్లలో మాత్రం డ్రోన్‌కూ మనకూ ఒకటే చూపు.

ఇక అసలు వాదనకు వద్దాం. జంతువుల్లో సంస్కృతి ఉందా, అంటే ఒకటి చేసింది మరొకటి చూసి నేర్చుకుని, అది గుంపు అలవాటుగా మారుతుందా? డాల్ఫిన్ల వైపు నుంచి అందరూ చూపించే సాక్ష్యం పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే. అక్కడ కొన్ని డాల్ఫిన్లు సముద్రపు స్పాంజిని ముక్కుకు తొడుక్కుని, గరుకైన అడుగును తవ్వి దాక్కున్న చేపల్ని పడతాయి. ముక్కు గీరుకుపోకుండా తొడుగన్నమాట. ఎక్కువగా తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య ఇది. 2005లో వచ్చిన అధ్యయనం జన్యువులు కారణం కాదని, చోటు మాత్రమే కారణం కాదని ఒక్కోటిగా కొట్టేసి, మిగిలింది చూసి నేర్చుకోవడమేనంది. విమర్శకులు ఊరుకోలేదు. స్పాంజిలు దొరికే లోతు నీళ్లలోనే తల్లీకూతుళ్లు తిరుగుతుంటే, కూతురు తనంతట తానే నేర్చుకుందేమో కదా? కొట్టేయడానికి మనకు తట్టిన కారణాల్నే కొట్టేస్తాం. తట్టనివి అలాగే ఉంటాయి.

అందుకని పద్ధతి మార్చారు. ఎవరు ఎవరితో ఎంతసేపు తిరుగుతారో ముందు ఒక సంబంధాల పటం గీస్తారు. తర్వాత కొత్త అలవాటు ఒక్కొక్కరికీ ఏ వరుసలో అంటుకుందో చూస్తారు. స్నేహాల దారి వెంటే అది పాకితే, చూసి నేర్చుకున్నట్టు లెక్క. స్నేహంతో పొంతన లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి మొదలుపెడితే, ఎవరికి వారు కనిపెట్టారని అర్థం. అమెరికా తూర్పు తీరంలోని గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో హంప్‌బ్యాక్ తిమింగలాల మీద ఈ పద్ధతి వాడారు. 1980లో ఒక తిమింగలం తోకతో నీటిని చరిచి, తర్వాత మునిగి చేపల చుట్టూ బుడగలు వదలడం కనిపించింది. 27 ఏళ్ల రికార్డులతో చూస్తే, 2007 నాటికి అక్కడి తిమింగలాల్లో 37 శాతం అదే పద్ధతి పట్టాయి, అదీ స్నేహాల దారి వెంటే. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ పేపర్‌లోనూ రెండెల్ ఉన్నాడు.

ఇంత పకడ్బందీ అధ్యయనం ఉండగా, ఒక చిన్న ఉప్పుటేరులో పది డాల్ఫిన్లు చేసిన సర్కస్‌కు అంత విలువ ఎందుకు? ఎందుకంటే దానివల్ల ఒక్క చేప కూడా దొరకదు. తిమింగలం తోక చరిస్తే ఆహారం దొరుకుతుంది, కాబట్టి తెలివైన జంతువు ఎవర్నీ చూడకుండా తానే కనిపెట్టొచ్చు, చేపలే దానికి గురువు. తోక నడకలో లాభమేమీ కనబడదు. ఒంట్లో శక్తి ఖర్చవడం తప్ప. ఎవరూ చేపలు విసరడం లేదు, చప్పట్లకు అక్కడ టికెట్లు లేవు. పరిసరాలు దాన్ని నేర్పలేవు, అవసరం దాన్ని పుట్టించలేదు. మిగతా చోట్ల ఇంత అరుదైన పని, శిక్షణ పొందిన డాల్ఫిన్లతో గడిపిన ఒక్కటి ఉన్న గుంపులోనే ఇన్నింటికి అంటుకుంది. కాబట్టి చూసి నేర్చుకుందనడానికి పనికొచ్చే పని కంటే పనికిరాని పనే గట్టి సాక్ష్యం. ఇది నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే నచ్చిన మలుపు.

దిగుడు కూడా అదే చెబుతుంది. లాభముంటే నిలబడేది. ఓర్కాలలోనూ ఇలాంటిదే జరిగింది (ఓర్కా కూడా డాల్ఫిన్ కుటుంబమే). 1987లో అమెరికా వాయవ్య తీరంలోని ప్యూజెట్ సౌండ్‌లో ఒక ఆడ ఓర్కా చచ్చిన సాల్మన్ చేపను ముక్కు మీద పెట్టుకుని తిరిగింది. కొన్ని వారాల్లో పక్క గుంపులు కూడా అందుకున్నాయి. ఆ సీజన్ దాటాక దాదాపుగా మాయమైంది. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో ఓర్కాలు పడవల చుక్కానులు విరగ్గొట్టడం మొదలుపెట్టాయి. వందలసార్లు జరిగింది, కొన్ని పడవలు మునిగాయి కూడా. మీడియా వెంటనే పగ కథ అల్లింది, ఎవరో ఒక తల్లి ఓర్కా ప్రతీకారం తీర్చుకుంటోందని. 2024లో దీన్ని పరిశీలించిన నిపుణులు మాత్రం కుర్ర ఓర్కాల ఆట వైపు, ఫ్యాడ్ వైపు మొగ్గారు. పగ అయితే పేపర్ అమ్ముడుపోతుంది, ఆట అయితే పోదు. చుక్కాని విరిగిన పడవ యజమానికి మాత్రం రెండూ ఒకటే టెన్షన్.

అడిలైడ్ ఉదంతానికి ఇంకో కోణం ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడతారు. గాయపడిన జంతువును తెచ్చి, బాగుచేసి, వదిలేస్తాం. అది ఒంటరిగా తిరిగి వెళ్తుందనుకుంటాం. బిల్లీ తన వెంట ఒక అలవాటును తీసుకెళ్లింది. తోక నడక వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ మనుషుల చేతి చేపకు అలవాటుపడటమూ ఇలాగే అంటుకుంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాక్‌బర్న్ సౌండ్‌లో పడవల దగ్గర చేపల కోసం అడుక్కునే డాల్ఫిన్ల తోడు తిరిగే డాల్ఫిన్లకూ ఆ అలవాటు పాకిందని గమనించారు. అలా పడవలకు దగ్గరైనవి ప్రొపెల్లర్ల కింద, గాలపు తాళ్లలో పడతాయి. చిలికా సరస్సులో ఇరావడీ డాల్ఫిన్ల వెనక టూరిస్టు పడవలు పరుగెత్తే చోట దీన్ని గుర్తుంచుకోవాల్సిన అవసరం ఉంది.

ఇప్పుడు పోర్ట్ రివర్‌లో ఒక కుర్ర డాల్ఫిన్ రేపు మళ్లీ తోక మీద లేచిందనుకోండి. బిల్లీ నుంచి వచ్చిన అలవాటు బతికే ఉందా, లేక ఇది కొత్తగా కనిపెట్టిందా? ఆడ బాటిల్‌నోస్ డాల్ఫిన్లు నలభై ఏళ్లకు పైగా బతుకుతాయి, సారసోటాలో ఒకటి అరవై దాటి బతికింది. అంటే 2011 నాటి జోరును కళ్లారా చూసిన పిల్లలు ఇప్పుడు తల్లులై ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది ఆ కుర్రది ఎంత ఎత్తు లేచిందని కాదు. దాని తల్లి ఎవరు, 2011లో ఆ తల్లి ఏ గుంపుతో తిరిగేది, వేవ్ పక్కన దాని రెక్క ఎన్ని ఫొటోల్లో ఉంది, ఈ మధ్య ఏళ్లలో ఎన్ని గంటలు చూశారు, అందులో ఎన్ని గంటలు ఏమీ కనబడలేదు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు ఫైళ్లలో ఉంటే తేల్చొచ్చు.

అదే విశాఖ దగ్గర స్పిన్నర్ డాల్ఫిన్ల గిరగిర కొత్త రకంగా కనబడితే, కొత్తదని చెప్పడానికి ముందు అక్కడి డాల్ఫిన్ల రెక్కల ఫొటోలు, తేదీలతో, ఏళ్ల తరబడివి ఒక చోట ఉండాలి. వేటకు వెళ్లే మత్స్యకారుల కంటే ఎక్కువ గంటలు సముద్రం మీద గడిపేవాళ్లు ఎవరూ లేరు, వాళ్ల చేతుల్లో ఇప్పుడు ఫోన్లూ ఉన్నాయి. తీయాల్సింది మాత్రం ఎగిరినప్పటి వీడియో కాదు, ఊపిరి తీసుకుని మెల్లగా మునిగేటప్పుడు పక్క నుంచి రెక్క ఫొటో.